దించిన శ్రుతి

లేచింది మొదలు ఈశ్వరమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. పేడ ఎత్తే నెపంతో దొడ్లోకి వెళ్ళింది. ఇంటి వైపు ఒకసారి తిరిగి చూసి, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాక గొంతు సవరించుకుంది. గడ్డి నములుతున్న పొట్టి ఆవు తల తిప్పి ఆమె వంక చూసింది.

"గొర్రెపిల్ల తప్పిపోయె గుట్ట సాటునా..."

మొదటి మాటలు బాగానే వచ్చాయి. తప్పిపోయిన పిల్లను తల్లిగొర్రె పిలిచేచోట "రావే నా తల్లీ" అని గొంతు పైకి లేవాలి. లేవలేదు. ఆ "రావే" దగ్గరే రెండుగా చీలిపోయి, వెనకాల వట్టి గాలి వచ్చింది. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. మిరియాల కషాయం తాగుతోంది, అతిమధురం వేరు బుగ్గన పెట్టుకునే నిద్రపోతోంది. ఏదీ పనిచేయడం లేదు. ఆమె గొంతు మీద వేళ్ళు పెట్టుకుని తడిమి చూసుకుంది. తండ్రికి కూడా మొదట ఇలాగే బొంగురు పోయింది. తర్వాత గొంతులో పుండన్నారు. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మనిషి తిరిగి రాలేదు.

"ఈశ్వరీ! కాపీ సల్లారిపోతాండాది, రా అమ్మీ!" ఇంట్లోంచి అత్త మునెమ్మ కేకేసింది.

'వస్తాండా' అనబోయి, ఆ ఒక్క మాటకు కూడా భయపడి ఈశ్వరమ్మ నోరు మూసుకుంది.

పుంగనూరు వదినామరదళ్ళంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు తక్కువ. మునెమ్మకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దకొడుకు తిప్పేస్వామి భార్య ఈశ్వరమ్మ. చిన్నవాడు ముద్దుకృష్ణ భార్య ప్రమీల. కూతురు భారతిని కుప్పంలో ఇచ్చారు. గొర్రెలూ, వాన పడితే పండే శనక్కాయ చేనూ తప్ప వేరే ఆస్తి లేని ఇల్లు. కాయలు వొలుస్తూ మునెమ్మ పాడుతుంటే కోడళ్ళిద్దరూ, కూతురూ వంత పాడేవాళ్ళు. తొంభై రెండులో ఒక పెళ్ళిలో సరదాకు పాడితే, మదనపల్లెలో క్యాసెట్ల అంగడి పెట్టుకున్న అంకయ్య విన్నాడు. తన ఇంటి గదిలో చుట్టూ పరుపులు వేలాడదీసి, ఫ్యాను ఆపించి, చెమటలు కారుతుండగా వాళ్ళ చేత పాడించాడు. ముద్దుకృష్ణ హార్మోనియం పట్టాడు.

ఆ క్యాసెట్టు టమోటా లారీలెక్కి ఊరూరా తిరిగింది. వాయల్పాడు బస్సుల్లో డ్రైవర్లు అరిగిపోయేదాకా వేశారు. గుర్రంకొండ తిరునాళ్ళు, హార్స్లీ హిల్స్ మీద ఉత్సవాలు, అటు కోలారు, ఇటు కృష్ణగిరి. ఎక్కడికి పోయినా "గొర్రెపిల్ల పాట!" అని కేకలు. ఈశ్వరమ్మ ముందు గొంతు, తక్కిన ఇద్దరూ వంత. ఆ "రావే" అని ఆమె ఎత్తుకుంటే, జనంలో బిడ్డల తల్లులు కొంగులు కళ్ళకద్దుకునేవాళ్ళు.

ఇప్పుడు రెండువేల ఒకటి. నాలుగో క్యాసెట్టు సరిగా ఆడలేదు. పాటలో మునుపటి ఊపు లేదన్నారు జనం. కారణం అందరికీ తెలుసు. ప్రమీల గొంతు పైకి పోవడం లేదు. మొదట్లో పై స్థాయిలో, అయిదు శ్రుతిలో పాడేవాళ్ళు. ఒకరోజు సాధనలో ప్రమీలే, "నాకు అందటం లేదక్కా, నాలుగులో పాడుకుందామా?" అని అడిగింది. ఆ తర్వాత మూడున్నర అంది. శ్రుతి దిగిన ప్రతిసారీ ఈశ్వరమ్మ పైకి విసుక్కుంది. లోపల మాత్రం ఊపిరి పీల్చుకుంది. ప్రమీల అడక్కపోతే తన గొంతు ఎప్పుడో జనం ముందు చీలిపోయేది.

ఆ విషయం ఆమె మొగుడికి కూడా చెప్పలేదు.

కాఫీ గ్లాసు అందుకుంటుండగానే వాకిట్లో స్కూటరు ఆగింది. అంకయ్య వచ్చాడు. తిప్పేస్వామి అరుగు మీద చాప పరిచాడు. ప్రమీల కాఫీ తెచ్చిచ్చింది.

"మంచి మాట తెచ్చినా పెద్దమ్మా," అన్నాడు అంకయ్య. ఇంట్లో పెద్ద కోడలు కాబట్టి ఈశ్వరమ్మను అలాగే పిలుస్తాడు. "బెంగుళూరు కంపెనీవోళ్ళు మన పాతపాటలన్నీ సీడీ ఏస్తారంట. క్యాసెట్ల కాలం అయిపోవస్తాండాది గదా. కుప్పం జాతరలో మీ పోగ్రాం సూడ్డానికి వాళ్ళ మనిషొకడు వస్తాండాడు."

"మంచిదే గదన్నా," అన్నాడు తిప్పేస్వామి ముఖం వెలిగిపోతూ.

"మంచిదే. కానీ వాళ్ళకు పాత శ్రుతే కావాలంట. ఇప్పుడు పాడతాండేది వింటే నిద్రొస్తాందంట." అంకయ్య గ్లాసు కిందపెట్టి గొంతు తగ్గించాడు. తగ్గించినా లోపలికి వినిపిస్తూనే ఉంది. "సిన్నమ్మకు అందటం లేదంటే... ఏమనుకోవద్దండి. మదనపల్లెలో ఒక పిల్ల ఉండాది. బాగా పాడతాది. ఆ పిల్లను కలుపుకుంటే?"

ప్రమీల గడపలోనే నిలబడిపోయింది. ముద్దుకృష్ణ తల వంచుకున్నాడు. అందరూ ఈశ్వరమ్మ వైపు చూశారు. ఈ పాటకు పెద్ద ఆమే. 'ప్రమీల లేకుండా పాట లేదు' అని ఒక్క మాట అంటే చాలు. కానీ ప్రమీల ఉంటే ఆ నెపం మీద శ్రుతి కిందే ఉంటుంది, కంపెనీ ఒప్పుకోదు. ప్రమీల లేకపోతే అయిదులో తాను పాడాలి. రెండు వైపులా గొయ్యే. ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఒకటే.

"సూద్దాములే అన్నా."

ప్రమీల అరుగు మీదికి వచ్చింది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి భారతి కుప్పం నుంచి దిగింది. జాతరకు నెల ముందర సాధన కోసం ఎప్పుడూ ఇలాగే వచ్చి నాలుగు రోజులు ఉండిపోతుంది. కాళ్ళు కడుక్కోకముందే తల్లి దగ్గర సంగతంతా విని నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"పెద్దొదినా, నేను విన్నది నిజమేనా? సిన్నొదినను తీసేస్తారంట?"

"ఎవురు తీసేస్తామన్నారే? సూద్దామంటి, అంతే."

"సూసేదేముండాది దాంట్లో? ఎవురో పిల్ల ఒచ్చి మన పక్కన నిలబడితే మనం వదినామరదళ్ళమెట్లయితాం? నువ్వు ఆ అంకయ్యకు అప్పుడే సెప్పాల్సింది!"

"అన్నీ నేనే సెప్పాలంటే ఎట్ల? శ్రుతి దించమంది నేనా?" ఈశ్వరమ్మ గొంతు గరగరలాడింది. దగ్గినట్టు నటించి కప్పేసుకుంది.

పక్క గదిలోంచి ముద్దుకృష్ణ హార్మోనియం ఎత్తుకుని వచ్చి నడవలో ధడాలున పెట్టాడు. ఎప్పుడూ నిదానంగా ఉండే మనిషి ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"ఇంగ సాలు. ప్రమీలా, ఇట్ల రా. అయిదులో పెడతాండా. పాడు."

చేట ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న ప్రమీల తలెత్తలేదు. "వొద్దు."

"యాల వొద్దు? ఊరంతా నిన్నాడిపోసుకుంటాంటే ఎన్నాళ్ళు ఊరకుండాల నేను? పాడు!"

"వొద్దన్నా గదా. నా వల్ల కాదు."

ముద్దుకృష్ణ వేలు మెట్టు మీద నొక్కి పెట్టాడు. పాత అయిదు శ్రుతి నడవంతా నిండింది. ఆ స్వరం వింటూనే ఈశ్వరమ్మ వంటింట్లోంచి నడవలోకి వచ్చేసింది. ఇప్పుడు అందరూ కలిసి ఎత్తుకుంటే, ఆ "రావే" దగ్గరికి వస్తే, తాను దొరికిపోతుంది. ఏదో ఒకటి చేసి ఆ శబ్దాన్ని ఆపేయాలి.

"దానికి రాదంటాంటే యాల బలవంతం సేస్తావు ముద్దూ?" అని అరిచింది. "మూడేండ్లుగా సూస్తాండాను. మన పాటను కిందికి లాగతానే ఉండాది. నాలుగన్నది, మూడున్నరన్నది. దాని గొంతు కోసరం అందరం గొంతులు అణుచుకుంటిమి. మంచి పేరంతా మన్నుపాలాయె. ఇంగా దాన్ని అయిదులో పాడించి ఎవురికి సూపియ్యాల?"

ముద్దుకృష్ణ వేలు మెట్టు మీద నుంచి జారింది. ప్రమీల చేతిలోని బియ్యం గుప్పెట్లోనే ఉండిపోయాయి. ఆమె కళ్ళు ఈశ్వరమ్మ మీద నిలిచాయి. వాటిలో కోపం లేదు. అందుకే ఈశ్వరమ్మకు భయం వేసింది.

మూలన ముడుచుకుని కూర్చున్న మునెమ్మ మెల్లగా గోడ పట్టుకుని లేచింది.

"ముద్దూ, పెట్టరా అయిదులో. ప్రమీలా, పాడమ్మీ."

"వొద్దత్తా. నీకు దండం పెడతా."

"నా మీద ఆన. పాడు. పాటతో దొంగాట ఆడింది సాలు."

ప్రమీల బియ్యాన్ని చేటలోకి వదిలేసింది. చెంగుతో కళ్ళు తుడుచుకుంది. కూర్చున్నచోటి నుంచి కదలకుండా, ఎవరి వంకా చూడకుండా ఎత్తుకుంది.

"గొర్రెపిల్ల తప్పిపోయె గుట్ట సాటునా, పిలిసిపిలిసి అలిసిపోయె తల్లిగొర్రెరా..."

తడబాటు లేదు, తొణుకు లేదు. "రావే" దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు ఏ కష్టమూ లేకుండా పైకి లేచింది. అక్కడ నిలబడింది. మళ్ళీ ఒక మెట్టు ఎక్కి, అక్కడి నుంచి మెల్లగా దిగివచ్చింది. భారతి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గుమ్మంలో ఉన్న తిప్పేస్వామి వచ్చిన పని మరిచిపోయి నిలబడ్డాడు.

ఇది మూడున్నర దాటి పాడలేని మనిషి గొంతు కాదు. ఏనాడూ తగ్గని గొంతు. మరి శ్రుతి దించమని ఎందుకడిగింది? ఎవరి కోసం?

ఈశ్వరమ్మ పెరట్లోకి నడిచి, బట్టలుతికే బండ మీద కూలబడింది. కాసేపటికి ప్రమీల వచ్చి పక్కన కూర్చుంది.

"ఎప్పుడు తెలిసె నీకు?" అని అడిగింది ఈశ్వరమ్మ. దాచుకోవాల్సిన పని లేకపోవడంతో గొంతు ఎంత బొంగురుగా ఉందో అంత బొంగురుగానే వచ్చింది.

"గుర్రంకొండ తిరునాళ్ళలో. ఆ 'రావే' దగ్గర నువ్వు దగ్గొచ్చినట్ల తల తిప్పుకుంటివి. నేను అందుకుంటి. జనానికి తెలీలేదు. నీ పక్కన నిలబడి పాడేదాన్ని, నాకు తెలీదా?"

"అప్పుడే సెప్పుండొచ్చు గదనే!"

"సెప్తే నువ్వు పాడేది నిలిపేస్తావని బయపడితి. నువ్వు పాడకపోతే ఎట్లుంటావో నాకు తెలుసు గదా." ప్రమీల చీర అంచును వేళ్ళకు చుట్టుకుంటూ ఉంది. "పదారేండ్లకు ఈ ఇంటికొస్తిని. అమ్మ లేని పిల్లను. దప్పికైనా నోరు తెరిసి నీళ్ళడగలేకపోతాంటి. నువ్వే గదక్కా నా సెయ్యి పట్టుకుని, పాడవే, తప్పు పాడినా పర్వాలేదు, గట్టిగా పాడు అంటివి. నా గొంతు నువ్విచ్చిందే. దాన్ని రవ్వంత దించుకుంటే నాదేం పోయె?"

"ఊరంతా నిన్నే అనిరి. నేనూ అంటి. ఇప్పుడే, అందరి ముందరా..." ఈశ్వరమ్మ ప్రమీల ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి తేరుకున్నాక, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట చెప్పింది. "ప్రమీలా, మా నాయనకు గూడా ఇట్లనే మొదలాయె. డాక్టరు దగ్గరికి పోతే అదే అంటాడేమోనని పోలేదు. నాకు శానా బయంగా ఉండాదే."

పాట సంగతి తెలుసు గానీ ఈ భయం ప్రమీలకు తెలియదు.

"ఇంత మనసులో పెట్టుకుని తిరగతాంటివా? లెయ్యి. రేపు పొద్దున్నే మదనపల్లె పోదాం. నేనొస్తా నీతో."

మదనపల్లె డాక్టరు చిన్న అద్దం గొంతులోకి పెట్టి చూశాడు. స్వరతంత్రుల మీద బొడిపెలు ఉన్నాయన్నాడు. తీసేసి పరీక్షకు పంపాలన్నాడు. తీశారు కూడా. ఆ తర్వాత మాట్లాడకూడదు, తాను చెప్పేదాకా గుసగుస కూడా వద్దని గట్టిగా హెచ్చరించాడు.

ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. తిప్పేస్వామి గొర్రెలను తోలుకుపోయినవాడు మధ్యలో ఒట్టినే ఇంటికి వచ్చి, భార్య ముఖం చూసి మళ్ళీ వెళ్ళేవాడు. "నాతో గూడా సెప్పలేకపోతివే" అని ఒక్కసారే అన్నాడు. మాట్లాడకూడని ఈశ్వరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. రోడ్డు మీద ఏ బస్సు శబ్దం విన్నా ఆమె గుమ్మంలోకి వచ్చేది. మదనపల్లె నుంచి ఎవరో కబురు తెస్తున్నట్టే ఉండేది.

చివరికి డాక్టరు కాగితం చూసి, "చెడ్డది కాదమ్మా, భయపడకండి" అన్నాడు. ప్రమీల అక్కడే కుర్చీలో కూర్చుని భోరున ఏడ్చేసింది. డాక్టరు మిగతాది కూడా చెప్పాడు. గొంతు వస్తుంది. మాట్లాడుకోవచ్చు, కింది శ్రుతిలో పాడుకోవచ్చు. ఆ పై స్థాయి మాత్రం ఇక రాకపోవచ్చు. ఈశ్వరమ్మ తల ఊపింది. ప్రాణం దక్కిందన్న సంతోషం ఆమెకు బస్సెక్కేదాకా నిలిచింది. బస్సులో ఎవరిదో క్యాసెట్టు వేశారు. అది తమ పాట కాదు. అయినా ఆమె దారి పొడుగునా కిటికీ వైపే ముఖం తిప్పుకుని కూర్చుంది.

కుప్పం జాతర వచ్చేసింది. ప్రమీల వద్దంది. "అక్క లేకుండా నేను ఎక్కను." ఈశ్వరమ్మ ఆమె రెండు భుజాలూ పట్టుకుని హార్మోనియం ముందు కూర్చోబెట్టింది. మాట్లాడకుండానే అంత గట్టిగా పోట్లాడగలదని ఇంట్లోవాళ్ళు అప్పుడే చూశారు.

జాతర రోజు సాయంత్రం స్కూలు మైదానంలో స్టేజీ కట్టారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఈశ్వరమ్మ జనంలో, మునెమ్మ పక్కన, చాప మీద కూర్చుంది. స్టేజీ మీద పాడడానికి ప్రమీల, భారతి ఇద్దరే కనిపించేసరికి గుసగుసలు మొదలయ్యాయి.

"పెద్దామె యాడ? రాలేదా?" అంది పక్కనున్న ఒకామె.

"ఈ సిన్నామేనంట పాడేది. గొంతు పోయిందంటారే ఈమెకు. ఇంగేం పాడతాది?" అంది ఇంకొకామె.

ఈశ్వరమ్మ పళ్ళు బిగించింది. నిజం చెప్పేద్దామని నోరు తెరవబోయింది. మునెమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. స్టేజీ మీద నుంచి ప్రమీల జనంలో అక్క కోసం వెతుకుతోంది. ఒకవేళ తడబడితే? బెంగుళూరు మనిషి ముందు వరసలోనే ఉన్నాడు. తాను పాడేటప్పుడు కూడా ఈశ్వరమ్మ ఇంతగా బెదరలేదు.

ముద్దుకృష్ణ అయిదు శ్రుతి పట్టాడు. ప్రమీల కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. మొదటి చరణానికే గుసగుసలు ఆగాయి. ఆ "రావే" మైదానం మీదుగా సాగి, అంగళ్ళ దాకా పోయింది. పిలుస్తున్నది గొర్రెపిల్లనో, జనంలో మాట లేకుండా కూర్చున్న అక్కనో ఎవరికి తెలుసు? ఇన్నేళ్ళు తాను పాడి ఊరందర్నీ ఏడిపించిన పాటకు ఈశ్వరమ్మ మొదటిసారి ఏడ్చింది. తన చోట ఇంకొకరు పాడుతున్నారన్న బాధ కూడా ఆ ఏడుపులో లేకపోలేదు. అది కూడా కరిగి నీళ్ళైపోయింది. పాట అయిపోయాక ఈలలు, చప్పట్లు ఆగలేదు. పక్కనున్నామె, "ఒమ్మా, ఏం గొంతమ్మా ఇది!" అని బుగ్గలు నొక్కుకుంది.

ప్రోగ్రాం అయ్యాక స్కూలు గదిలో అందరూ కలుసుకున్నారు. అంకయ్య బెంగుళూరు మనిషిని వెంటపెట్టుకుని గాలిలో తేలుతున్నట్టు వచ్చాడు.

"సారుకు శానా నచ్చింది. సీడీ ఖాయం!" అన్నాడు. తర్వాత ప్రమీల వైపు తిరిగి, "సిన్నమ్మా, ఇన్నాళ్ళు ఈ గొంతు యాడ దాచిపెట్టినావు? నిన్ను తీసెయ్యమంటి గదమ్మా నేను!" అని లెంపలేసుకున్నాడు.

ప్రమీల క్షణం తడబడింది. ఈశ్వరమ్మ వైపు ఓరగా చూసి, నేల చూపులు చూస్తూ అంది. "గొంతు బాగలేకుండె అన్నా నాకు. ఈ మధ్య మందులు తింటి. దాంతో బాగయింది."

ఇంకా దాస్తోంది! ఇంత జరిగాక కూడా, ఇంత చప్పట్లు కొట్టించుకున్నాక కూడా, ఆ నింద తన నెత్తినే ఉంచుకుని అక్క పరువు కాపాడుతోంది. ఈశ్వరమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"అబద్ధం సెప్తాండాది."

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ గొంతు ముతకగా, మందంగా, ఎవరిదో కొత్త మనిషిదిలా ఉంది. ఈశ్వరమ్మకే అది తనదని నమ్మకం కలగలేదు. అయినా ఆగలేదు.

"దాని గొంతు ఏ పొద్దూ తగ్గలేదన్నా. తగ్గింది నాది. నన్ను కాపాడేకి అది—"

"అక్కా!" ప్రమీల ఒక్క ఉదుటున వచ్చి అరచేత్తో ఆమె నోరు మూసేసింది. "మాట్లాడొద్దని డాక్టరు సెప్పలేదా? యాల మాట్లాడతావు? గొంతు పూర్తిగా పోతే ఎట్ల? నీకు బుద్ధుండాదా అసలు?" పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఏనాడూ అక్కను పల్లెత్తు మాట అనని మనిషి అందరి ముందూ తిడుతోంది, ఏడుస్తోంది. "నాకు వంత ఎవురు పాడాల? సెప్పు! ఎవురు పాడాల?"

ఈశ్వరమ్మ ఆ అరచేతి కిందే నవ్వింది. కళ్ళ నీళ్ళు ప్రమీల వేళ్ళ మీదికి కారాయి. 'నేనే' అన్నట్టు తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. ప్రమీల మాత్రం ఆమె మళ్ళీ ఎక్కడ మాట్లాడుతుందోనని, బస్సు వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.